మిర్చి కోల్డ్ స్టోరేజ్ నుంచి డీమ్యాట్ అకౌంట్ దాకా: వరుస దెబ్బల్లో ఎవరు నిలబడతారు, ఎవరు అమ్ముకుంటారు

క్లుప్తంగా

మార్కెట్ ఒకసారి పడి లేస్తే తట్టుకునేవాళ్ళు చాలామందే ఉంటారు. లేచినట్టే లేచి మళ్ళీ పడితే, అదే టైములో ఇంట్లో ఇంకో ఖర్చు వచ్చి నెత్తిన పడితే, అప్పుడు చేతులెత్తేసేవాళ్ళే ఎక్కువ. దీనికి ధైర్యం చాలకపోవడం ఒక కారణమే గానీ అంతకంటే పెద్ద కారణం డబ్బు అమరిక: అప్పు ఎంత ఉంది, చేతిలో నగదు ఎంత ఉంది, ఒకేచోట ఎంత పెట్టారు, ఆ డబ్బు ఏ తేదీకి కావాలి. 1992 నుంచి మన మార్కెట్ తిన్న దెబ్బల్నీ, గుంటూరు మిర్చి, అమరావతి భూమి, విజయవాడ బుడమేరు వరద లెక్కల్నీ పక్కపక్కన పెడితే ఈ సంగతి బాగా కనిపిస్తుంది.

ఇప్పుడే ఈ ప్రశ్న ఎందుకు

2020 మార్చి నాటికి దేశంలో డీమ్యాట్ అకౌంట్లు (షేర్లు దాచుకునే ఖాతాలు) సుమారు 4 కోట్లు, 2025 మార్చికి 19 కోట్లు దాటాయి. ఒకరికే రెండు మూడు అకౌంట్లు ఉంటాయి కాబట్టి మనుషుల లెక్క ఇంతకంటే తక్కువే, అయినా సరే ఇవాళ మార్కెట్లో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది కోవిడ్ తర్వాత వచ్చినవాళ్ళే. గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్‌కి వచ్చిన కుర్రాళ్ళ దగ్గర్నుంచి ఆటోనగర్‌లో షెడ్డు నడుపుకునేవాళ్ళ దాకా ఫోన్‌లోనే అకౌంట్ తెరిచేశారు.

వీళ్ళకి బాగా గుర్తున్న పతనం 2020దే. ఆ ఏడాది మార్చి 23న సెన్సెక్స్ (30 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) ఒక్క రోజులో 13 శాతం పడింది, జనవరిలో 12,400 దగ్గరున్న నిఫ్టీ (అలాంటిదే, 50 కంపెనీల సూచీ) 7,610కి దిగింది, మళ్ళీ నవంబర్ వచ్చేసరికి పాత చోటుకి చేరిపోయింది. అంటే పడటం, లేవడం మొత్తం పది నెలల్లో అయిపోయింది. తర్వాత 2024 జూన్ 4, ఎన్నికల ఫలితాల రోజు, ఇక్కడ జనమంతా టీవీల్లో అసెంబ్లీ సీట్లు లెక్కపెట్టుకుంటుంటే అక్కడ సెన్సెక్స్ 4,390 పాయింట్లు పడింది, మూడు రోజులు తిరక్కుండానే కొత్త రికార్డు కొట్టింది. ఈ రెండూ చూసినవాళ్ళకి పడితే కొనాలి, వెంటనే లేస్తుంది అనే నమ్మకం కుదిరిపోయింది.

ఆ నమ్మకానికి మొదటి పరీక్ష 2024 సెప్టెంబర్ చివర్లో మొదలైంది. 26,216 దగ్గర క్లోజ్ అయిన నిఫ్టీ 2025 మార్చి మొదటి వారానికి 22,082కి వచ్చింది. శాతంలో చూస్తే 16కి లోపే, 2020తో పోలిస్తే ఇది సగం కూడా లేదు. కానీ అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా వరసగా ఐదు నెలలు పడింది, 1996 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. 2025 జనవరిలో కొత్తగా మొదలైన సిప్‌ల (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే వాయిదాల) కంటే ఆగిపోయిన సిప్‌లే ఎక్కువ. అసలు అర్థం చేసుకోవాల్సింది ఇక్కడే ఉంది, పతనం చిన్నదైనా మానేసినవాళ్ళు ఎక్కువయ్యారంటే మనిషిని అలిసిపోయేలా చేసేది లోతు కంటే పొడవు అని అర్థం.

ఒక దెబ్బ వేరు, దెబ్బ మీద దెబ్బ వేరు

పాత రోజుల్లోకి వెళ్తే ఇది ఇంకా గట్టిగా కనిపిస్తుంది. 1992 ఏప్రిల్‌లో బ్రోకర్ హర్షద్ మెహతా ఊపులో సెన్సెక్స్ 4,467 దాకా వెళ్ళి ఏడాది తిరిగేసరికి సగానికి దిగిపోయింది. 1994లో మళ్ళీ ఆ అంకె దాటింది, హమ్మయ్య అనుకునేలోపు ఇంకో నాలుగేళ్ళు సాగదీసింది. 2000 ఫిబ్రవరిలో టెక్ షేర్ల మోజులో 5,933కి వెళ్ళింది, 2001 సెప్టెంబర్‌కి 2,600. మధ్యలో ఇంకో బ్రోకర్ కేతన్ పారేఖ్ కుంభకోణం, 2001 జూలైలో యూనిట్ ట్రస్ట్ వాళ్ళ యూఎస్-64 స్కీమ్‌లో యూనిట్లు వెనక్కి తీసుకోవడం ఆపేయడం. ఆ స్కీమ్ షేర్ల జోలికే వెళ్ళని ఉద్యోగస్తులు బ్యాంకు డిపాజిట్‌తో సమానంగా నమ్మి దాచుకున్నది. 2003 ఏప్రిల్‌లో సెన్సెక్స్ 3,000 అటూ ఇటూగా ఉంది. అంటే 11 ఏళ్ళ తర్వాత కూడా 1992 నాటి అంకెకి కిందే.

అలాంటిదే రెండోసారి. 2008 జనవరిలో 20,873 దగ్గర క్లోజ్ అయిన సెన్సెక్స్ 2009 మార్చికి 8,160. అక్కడ నుంచి లేచి 2010 నవంబర్‌లో 21,000 తాకింది, ఆ రోజు చాలామంది పెట్టింది వచ్చేసింది చాలు అని బయటికి వచ్చారు, మిగిలినవాళ్ళు ఇక గండం గడిచింది అనుకున్నారు. 2011 డిసెంబర్‌కి మళ్ళీ 15,000 చిల్లర. ఆ అంకెని దాటి నిలబడటానికి 2013 చివరిదాకా పట్టింది. దాదాపు ఆరేళ్ళు. అదే ఆరేళ్ళు లక్ష రూపాయలు 8 శాతం ఎఫ్‌డీలో వేసుకున్నవాళ్ళకి లక్షా 58 వేలు అయ్యాయి, పక్కింటాయన ఎఫ్‌డీ పెరుగుతుంటే తన లక్ష లక్షగానే ఉండిపోవడం చూసి ఓపిక పట్టడం మామూలు విషయం కాదు.

మొదటి దెబ్బకి మనిషి దగ్గర మూడు వనరులు ఉంటాయి, చేతిలో కొంత డబ్బు, మనసులో కొంత నమ్మకం, ఇంట్లోవాళ్ళ దగ్గర కొంత పరపతి. కింద కొందాంలే అని మొదటి పతనంలోనే డబ్బంతా పెట్టేస్తారు. కోలుకుంటున్నప్పుడు నమ్మకం పెరిగి ఇంకాస్త పెడతారు, కొందరు అప్పు చేసి మరీ. రెండో దెబ్బ వచ్చేసరికి డబ్బు లేదు, నమ్మకం ఊగుతోంది, ఇంట్లో మాట చెల్లట్లేదు. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు, శాతంలో చిన్నదైనా రెండోదే ఎక్కువ తగులుతుంది. 2010లో బయటపడని చాలామంది 2011, 2013 మధ్యలో విసిగిపోయి అమ్ముకున్నారు, 2014 పరుగు వాళ్ళు లేకుండానే జరిగింది.

మరి ఆ చెడ్డ రోజున, 2008 జనవరి 8న 20,873 దగ్గర, కొని అసలు కదపకుండా ఉన్నవాళ్ళ సంగతేంటి? 2024 సెప్టెంబర్ 26న సెన్సెక్స్ 85,836. ఏడాదికి 8.8 శాతం లెక్కన పడుతుంది, డివిడెండ్లు దీనికి అదనం. గొప్ప రాబడేం కాదు, ఎఫ్‌డీకి కాస్త పైన. కాకపోతే అంతకంటే చెడ్డ రోజు వెతికినా దొరకని చోట కొన్నా 16 ఏళ్ళకి నాలుగింతలు అయిందన్నది నిజం, ఆ నాలుగింతల్లో మొదటి ఆరేళ్ళ వాటా సున్నా అన్నది కూడా అంతే నిజం.

యార్డులో అందరికీ తెలిసిన లెక్క

గుంటూరు మిర్చి యార్డు చుట్టూ పెరిగినవాళ్ళకి ధర పడటం కొత్త కాదు. 2021లో నల్ల తామర పురుగు పంటని తుడిచిపెట్టేసింది, దాని వల్ల సరుకు తగ్గి రేటు పెరిగింది, 2023లో మంచి రకాలు క్వింటాల్ 20 వేలు దాటాయి. ఆ రేటు చూసి జనం వేశారు, 2025 మొదట్లో రేటు ఎంత పడిపోయిందంటే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాల్‌కి 11,781 రూపాయలు అని ఒక ధర ప్రకటించాల్సి వచ్చింది. మూడు నాలుగేళ్ళలో పురుగు ఒక దెబ్బ, రేటు ఇంకో దెబ్బ, రెండిటికీ కారణాలు వేరు, తగిలింది మాత్రం అదే రైతుకి.

ఇలాంటప్పుడు ఒకే రేటు, ఒకే సరుకు ఉన్న ఇద్దరు రైతులకి ఫలితం వేరుగా ఎందుకు వస్తుందో యార్డులో ఎవర్నడిగినా చెప్తారు. సొంత పొలం, సొంత డబ్బుతో సాగు చేసినాయన టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజ్‌లో పెట్టుకుని రేటు కోసం చూస్తాడు. ఎకరానికి కౌలు ముందే కట్టి, పురుగుమందుల కొట్లో అరువు పెట్టి, కమీషన్ వ్యాపారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినాయన మాత్రం ఆ రోజు రేటు ఎంతుంటే అంతకి తెగనమ్మాల్సిందే. రేటు మళ్ళీ పెరుగుతుందని రెండో ఆయనకి తెలియక కాదు. తెలిసినా ఆగే వీలు లేదు. స్టోరేజ్‌లో పెట్టుకున్నాయనకి కూడా ఆగడం ఊరికే రాదు, అద్దె నడుస్తుంది, సరుకు మీద బ్యాంకు లోన్ తీసుకుంటే దాని వడ్డీ నడుస్తుంది, రోజులు గడిచేకొద్దీ కాయ రంగు తగ్గుతుంది, జనవరి దాటితే కొత్త పంట వచ్చి పాత సరుకుని ఇంకా కిందికి లాగుతుంది.

షేర్ల విషయంలో ఇదే యంత్రాంగం నడుస్తుంది, పేర్లే వేరు. సొంత డబ్బుతో కొన్న ఇండెక్స్ ఫండ్‌కి (నిఫ్టీ లాంటి సూచీలో ఉన్న కంపెనీలన్నిటినీ కొనే ఫండ్) ఖర్చు నామమాత్రం, రంగు తగ్గదు, ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు. అదే బ్రోకర్ ఇచ్చే అప్పుతో, అంటే మార్జిన్ ఫండింగ్‌తో కొంటే వడ్డీ నడుస్తుంది, ధర ఒక స్థాయి దాటి పడితే అదనంగా డబ్బు కట్టమంటారు, కట్టకపోతే వాళ్ళే అమ్మేస్తారు. అమ్మేది ఎప్పుడు? సరిగ్గా అందరూ అమ్ముతున్న రోజు. బంగారం కుదువపెట్టి, పర్సనల్ లోన్ తీసి షేర్లు కొన్నవాళ్ళది కూడా కౌలు రైతు పరిస్థితే. ధర పడ్డం ఒక్కటే అయితే అది కాగితం మీద నష్టం, ధర పడ్డ రోజున అమ్ముకోక తప్పని పరిస్థితి దాన్ని శాశ్వత నష్టంగా మార్చేస్తుంది.

ఇక ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ (షేర్ ధర ఎటు పోతుందన్న దాని మీద గడువు పెట్టి చేసే ఒప్పందాలు) సంగతి ఇంకా వేరు. అక్కడ సరుకుకే గడువు తేదీ ఉంటుంది, ఆప్షన్ కొన్నవాళ్ళకి రోజు గడిచేకొద్దీ విలువ కరిగిపోతుంది, ఓపిక పట్టడం అనే మాటకే చోటు లేదు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్క ప్రకారం 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్ళలో అక్కడ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు పైనే. అందులో పోయిన డబ్బుని లాంగ్ టర్మ్ ఓపికతో వెనక్కి తెచ్చుకుంటానని అదే చోట కూర్చోవడం ఎన్నో ఇళ్ళని ముంచింది, ఈ రెండిటినీ ఒకే గాటన కట్టకూడదు.

2024 సెప్టెంబర్, విజయవాడ

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వైపు ఇళ్ళన్నీ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఫ్రిజ్జు, వాషింగ్ మెషిన్, బండి, పరుపులు, కొట్టు ఉన్నవాళ్ళకి కొట్లో సరుకు అన్నీ ఒకేసారి పోయాయి. ప్రభుత్వం కింద అంతస్తు మునిగిన ఇళ్ళకి 25 వేలు ఇచ్చింది, నష్టం మాత్రం చాలా ఇళ్ళలో లక్షల్లో ఉంది.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క ఊహించుకుందాం. 2 లక్షల ఖర్చు వచ్చింది, మ్యూచువల్ ఫండ్‌లో 6 లక్షలు ఉన్నాయి, సేవింగ్స్‌లో ఏమీ లేదు. సెప్టెంబర్‌లో మార్కెట్ శిఖరం దగ్గర ఉంది, ఆ రోజే ఫండ్ అమ్మి ఖర్చుకి వాడుకుంటే 2 లక్షలతో పోయేది. కానీ లాంగ్ టర్మ్ డబ్బు కదా, కదపకూడదు అని పట్టుబట్టి రెండు రూపాయల వడ్డీకి బయట తెస్తే నెలకి 4 వేలు వడ్డీ, ఆరు నెలలకి 24 వేలు. 2025 మార్చిలో అప్పిచ్చినాయన గట్టిగా అడిగాడు, అప్పుడు ఫండ్ అమ్మాల్సి వచ్చింది, అప్పటికి నిఫ్టీ లెక్కన విలువ 16 శాతం తగ్గిపోయి ఉంది. 2 లక్షల 24 వేలు చేతికి రావాలంటే సెప్టెంబర్‌లో 2 లక్షల 67 వేలు విలువ చేసిన యూనిట్లు ఇచ్చేయాలి. అంటే 2 లక్షల గుంటకి 67 వేలు అదనం.

ఈ 67 వేలలో మార్కెట్ తప్పు కొంత, వరద తప్పు కొంత, మిగతాది 2 లక్షల నగదు పక్కన లేకపోవడం వల్ల. ఆ నగదు ముందునుంచీ 3 శాతం సేవింగ్స్‌లో పెట్టి ఉంచితే 12 శాతం వచ్చే చోట పెట్టనందుకు ఏడాదికి 18 వేలు వదులుకున్నట్టు లెక్క, అది ఎప్పుడూ చిరాగ్గానే కనిపిస్తుంది, నాలుగేళ్ళు ఏ ఆపదా రాకపోతే వృథా అనిపిస్తుంది కూడా. వచ్చిన ఏడాది మాత్రం మిగతా పెట్టుబడి మొత్తాన్నీ కాపాడేది అదే. ఆరు నెలల ఇంటి ఖర్చు అని అందరూ చెప్పే లెక్క ఉద్యోగస్తులకి సరిపోతుంది. వన్ టౌన్‌లో కొట్టు ఉన్నవాళ్ళకీ, వ్యవసాయం మీద బతికే ఇళ్ళకీ, గల్ఫ్ నుంచో అమెరికా నుంచో పిల్లలు పంపే డబ్బు మీద నడిచే ఇళ్ళకీ అది చాలదు, ఎందుకంటే వాళ్ళ ఆదాయం ఆగిపోతే ఎన్నాళ్ళకి మళ్ళీ మొదలవుతుందో ముందే చెప్పలేం. హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఈ కోవలోదే, ఒక్క ఆపరేషన్ పదేళ్ళ సిప్‌ని ఖాళీ చేసేస్తుంది.

భూమి మీద ఉన్న ఓపిక షేర్ మీద ఎందుకు ఉండదు

ఈ ప్రాంతంలో ఓపికకి కొరత లేదు, అమరావతే సాక్ష్యం. 2014లో రాజధాని ప్రకటన, 2015 అక్టోబర్ 22న శంకుస్థాపన, గజాల రేట్లు చుక్కలు చూశాయి. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట వచ్చింది, కొనేవాడే లేకుండా పోయాడు. 2024 జూన్ తర్వాత మళ్ళీ కదిలింది. ఈ పదేళ్ళలో అక్కడ స్థలం ఉన్నవాళ్ళు చూసిన ఎత్తుపల్లాలు ఏ మిడ్ క్యాప్ (మధ్య తరహా కంపెనీ) షేర్‌కీ తీసిపోవు. అయినా షేర్ 20 శాతం పడితే నిద్రపట్టని మనిషి స్థలం సగం రేటుకి పడినా ఉంచుకున్నాడు.

దీనికి చాలావరకు కారణం స్థలం రేటు రోజూ స్క్రీన్ మీద కనపడకపోవడం. కొనేవాడు లేకపోతే రేటే లేదు, రేటు లేకపోతే నష్టం కూడా కనపడదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే చూపించారు, వంద రూపాయలు వస్తే కలిగే సంతోషం కంటే వంద పోతే కలిగే బాధ బలంగా ఉంటుందని. తర్వాతి అంచనాల్లో అది సుమారు రెండింతలు అని తేలింది. 1995లో బెనార్ట్జీ, థేలర్ దీన్ని ఇంకో అడుగు ముందుకి తీసుకెళ్ళారు, నష్టభయం ఉన్న మనిషి పోర్ట్‌ఫోలియోని ఎంత తరచుగా చూసుకుంటే షేర్లు అంత ప్రమాదకరంగా కనిపిస్తాయి అని. రోజూ చూస్తే మార్కెట్ పెరిగిన రోజులు సగానికి కొంచెమే ఎక్కువ, ఏడాదికోసారి చూస్తే సుమారు నాలుగేళ్ళలో మూడేళ్ళు లాభంలోనే ముగుస్తాయి. బాధ రెండింతలు కాబట్టి రోజూ చూసేవాడికి లెక్క మొత్తం మీద ఎప్పుడూ బాధే మిగులుతుంది, షేర్ అదే, కంపెనీ అదే.

చూడటం తగ్గిస్తే అమ్మడం కూడా తగ్గుతుంది, దానికి ఇంకో లాభం ఉంది. మార్కెట్ బాగా పెరిగే రోజులు చాలావరకు బాగా పడ్డ రోజుల పక్కనే ఉంటాయి. 2020లో మార్చి 23 పతనం తర్వాత రెండు వారాలకే, ఏప్రిల్ 7న, నిఫ్టీ ఒక్క రోజులో 8.76 శాతం పెరిగింది. 2009 మే 18న సెన్సెక్స్ ఒకే రోజు 17 శాతం లేచింది, ట్రేడింగ్ ఆపేయాల్సి వచ్చింది, ఆ రోజు కొనడానికి అసలు టైమే లేదు. భయపడి బయట కూర్చున్నవాళ్ళు ఇలాంటి రోజుల్ని కోల్పోతారు.

కాకపోతే భూమి మీద ఓపికలో ఒక మోసం కూడా దాగి ఉంది. రేటు కనపడకపోవడం వేరు, నష్టం లేకపోవడం వేరు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్‌లో లక్షలమంది డిపాజిట్లు కట్టారు, రోజువారీ రేటు లేదు, ఏజెంటు తెలిసినాయనే, అంతా నిలకడగానే కనిపించింది, ఒకరోజు చెల్లింపులు ఆగిపోయేదాకా. రేటు ఊగకపోవడాన్ని భద్రత అనుకుంటే జరిగేది అదే.

కోలుకునే దెబ్బ, కోలుకోలేని దెబ్బ

ఓపిక ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది తేల్చుకోకుండా తట్టుకోవడం గురించి మాట్లాడటం ప్రమాదం. 20 శాతం పడితే పాత చోటుకి రావడానికి 25 శాతం పెరిగితే చాలు. 50 పడితే 100 పెరగాలి. 80 పడితే 400 పెరగాలి. లోతు పెరిగేకొద్దీ లేవడం ఎంత కష్టమవుతుందో ఈ మూడు అంకెల్లోనే ఉంది.

2009 జనవరి 7న ఖాతాల్లో మోసం ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు రాసిన లేఖ బయటికి వచ్చిన రోజు షేర్ 179 నుంచి 40 దగ్గరికి పడింది. తెలుగువాళ్ళకి సత్యం మీద ఉన్నది ఒట్టి పెట్టుబడి కాదు, మనోడి కంపెనీ అనే అభిమానం, చాలా ఇళ్ళలో ఉన్న షేర్ అదొక్కటే. తర్వాత టెక్ మహీంద్రా తీసుకుంది, చివరికి 17 షేర్లకి 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు, ఓపికగా ఉన్నవాళ్ళకి కొంత తిరిగొచ్చింది. అందరికీ అలా జరగదు. యెస్ బ్యాంక్ 2018లో 400 దగ్గరుండేది, 2020 మార్చి 6న 16 రూపాయల దగ్గర క్లోజ్ అయింది, పునరుద్ధరణ పథకంలో వంద కంటే ఎక్కువ షేర్లు ఉన్నవాళ్ళకి 75 శాతం షేర్లు మూడేళ్ళు అమ్మకుండా లాక్ చేశారు. పడేకొద్దీ కొంటూ సగటు తగ్గించుకున్నవాళ్ళే ఇలాంటి చోట ఎక్కువ పోగొట్టుకుంటారు.

అదే సమయంలో ఇండెక్స్‌కి ఏమైందో చూడాలి. సత్యంని కొద్దిరోజుల్లోనే నిఫ్టీ నుంచి తీసేసి ఇంకో కంపెనీని పెట్టారు, యెస్ బ్యాంక్‌ని 2020 మార్చిలో తీసేశారు. ఇండెక్స్ కోలుకోవడం వెనక ఉన్న యంత్రాంగం ఇదే, చచ్చుబడ్డ కొమ్మని నరికి కొత్త కొమ్మని అంటుగడుతూ ఉంటారు. ఒక్క షేర్‌కి ఆ వసతి లేదు. అమెరికాలో 1926 నుంచి 2016 దాకా ఉన్న దాదాపు 26 వేల షేర్లని బెసెంబైండర్ అనే ప్రొఫెసర్ లెక్కగడితే, ట్రెజరీ బిల్లులకి (ప్రభుత్వం తక్కువ కాలానికి తీసుకునే అప్పు పత్రాలు) పైన మార్కెట్ సృష్టించిన సంపద మొత్తం సుమారు 4 శాతం కంపెనీల నుంచే వచ్చిందని తేలింది. మిగతా కంపెనీలన్నీ కలిపి ట్రెజరీ బిల్లుల పాటి రాబడే ఇచ్చాయి. ఈ కంపెనీ ఎప్పటికైనా లేస్తుంది అనే ఓపిక అందుకే చాలాసార్లు తప్పుతుంది, మార్కెట్ మొత్తం మీద ఓపిక అంతకంటే చాలా తక్కువసార్లు తప్పుతుంది.

తక్కువసార్లు అన్నాం, ఎప్పుడూ తప్పదు అనలేదు. జపాన్ షేర్ల సూచీ నిక్కీ 1989 డిసెంబర్ 29న 38,915 దగ్గర క్లోజ్ అయి ఆ అంకెని మళ్ళీ దాటింది 2024 ఫిబ్రవరి 22న. 34 ఏళ్ళు. విపరీతమైన ధర దగ్గర ఒకేసారి మొత్తం పెట్టినవాళ్ళకి ఒక జీవితకాలం సరిపోలేదు. బంగారానికీ ఇలాంటి కాలం ఉంది, 2012 చివర్లో 10 గ్రాములు 32 వేల దాకా వెళ్ళి 2015లో 25 వేల దగ్గరికి వచ్చి 2019లో గానీ పైకి తేరుకోలేదు, తర్వాత 2025లో లక్ష తాకింది. షేర్లు, బంగారం, ఎఫ్‌డీ మూడూ కొంచెం కొంచెం ఉన్న ఇంటికి అన్నీ ఒకేసారి చచ్చుబడ్డ కాలం అరుదుగా వస్తుంది, ఒక్కదాన్నే నమ్ముకున్న ఇంటికి మాత్రం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

ఒక షేర్‌లో మొత్తం డబ్బులో 5 శాతమే ఉంటే అది సున్నా అయినా మిగతాది 5.3 శాతం పెరిగితే సరిపోతుంది. సగం పెట్టి ఉంటే రెట్టింపు కావాలి. దెబ్బ తగిలాక ఎంత ధైర్యంగా ఉన్నారన్న దానికంటే తగలకముందు ఎంత పెట్టారన్నదే ఎక్కువ తేలుస్తుంది.

సిప్ ఆపితే జరిగేది

సిప్ గురించి మాటలు ఎక్కువ, లెక్క తక్కువ. నెలకి వెయ్యి చొప్పున ఆరు వాయిదాలు, యూనిట్ ధర వరసగా 100, 80, 50, 50, 80, 100 అనుకుందాం. నాలుగో వాయిదాకి 4,000 పెట్టారు, విలువ 3,125, అంటే 22 శాతం నష్టం చూపిస్తోంది. ఆపకుండా వెళ్తే ఆరో వాయిదాకి 85 యూనిట్లు, విలువ 8,500, పెట్టింది 6,000. ధర మొదలైన చోటుకే వచ్చింది, డబ్బు మాత్రం దాదాపు 42 శాతం పెరిగింది. ఎర్రరంగు చూసి రెండో వాయిదా తర్వాత ఆపేసి, అంతా సర్దుకున్నాక ఆరోది కట్టినవాళ్ళకి 3,000కి 3,250. ఇద్దరికీ అదే మార్కెట్.

ఇందులో ఒక షరతు దాగుంది, ధర మళ్ళీ 100కి రావాలి, అందుకే ఇది ఇండెక్స్‌కి బాగా పనిచేస్తుంది, మునిగిపోయే కంపెనీకి పనిచేయదు. ఇంకో సంగతి, నిజంగా ఇంట్లో డబ్బు లేక సిప్ ఆపడం తప్పేమీ కాదు. అప్పు చేసి సిప్ కట్టడం కంటే రెండు నెలలు ఆపడం మేలు. భయంతో ఆపడానికీ, ఇబ్బందితో ఆపడానికీ తేడా ఏంటంటే ఇబ్బంది తీరగానే రెండోవాళ్ళు మళ్ళీ మొదలుపెడతారు, మొదటివాళ్ళు రేట్లు పెరిగేదాకా మొదలుపెట్టరు.

ఇరవయ్యో ఏడు దగ్గరికి వచ్చేసరికి

తట్టుకునే శక్తి వయసుతో పాటు మారాలి, దీని మీద చర్చ చాలా తక్కువ. నెలకి 10 వేల సిప్, ఏడాదికి 12 శాతం వచ్చిందనుకుంటే రెండేళ్ళకి సుమారు 2 లక్షల 70 వేలు అవుతుంది. అప్పుడు 40 శాతం పడితే పోయేది లక్షా 8 వేలు, అంటే 11 నెలల వాయిదాలు. అదే సిప్ 19 ఏళ్ళు నడిస్తే సుమారు 87 లక్షలు. అప్పుడు అదే 40 శాతం పడితే పోయేది దగ్గర దగ్గర 35 లక్షలు, అంటే 350 వాయిదాలు, 29 ఏళ్ళ కట్టుబడి. మొదట్లో పతనం చవగ్గా కొనుక్కునే అవకాశం, చివర్లో అదే పతనం జీవితకాలపు పొదుపు మీద కోత. రెండిటికీ ఒకే సలహా, ఓపిక పట్టండి అని చెప్పడం అన్యాయం.

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో చాలా ఇళ్ళకి ఆ చివరి తేదీ రిటైర్మెంట్ కంటే ముందే వస్తుంది, పిల్లల ఎమ్మెస్. అడ్మిషన్ ఆగస్టుకి, ఫీజు డాలర్లలో, రూపాయి పడితే ఆ భారం అదనం. 40 లక్షలు కావాల్సిన చోట మొత్తం ఈక్విటీలోనే ఉంచితే 2024-25 లాంటి చిన్న పతనానికే 6 లక్షల 40 వేలు తగ్గుతుంది. మార్కెట్ ఏడాదిలో కోలుకోవచ్చు, యూనివర్సిటీ అంతదాకా సీటు ఆపదు. తేదీకి మూడేళ్ళ ముందు నుంచి మూడు నెలలకోసారి పన్నెండో వంతు చొప్పున ఎఫ్‌డీకో లిక్విడ్ ఫండ్‌కో (షేర్ల జోలికి వెళ్ళని ఫండ్) మార్చుకుంటూ వస్తే ఆగస్టు నాటికి ఆ డబ్బు మార్కెట్‌తో సంబంధం లేకుండా ఉంటుంది. ఏడాది దాటాక అమ్మిన ఈక్విటీ ఫండ్ల లాభంలో ఏటా లక్షా 25 వేల దాకా పన్ను లేదు, దాని పైన 12.5 శాతం, కాబట్టి మూడేళ్ళకి పంచి అమ్మితే పన్ను కూడా కొంత కలిసొస్తుంది. ఆ మూడేళ్ళలో మార్కెట్ బాగా పెరిగితే కొంత లాభం పోతుంది, అది పిల్ల ఫీజు కట్టాల్సిన వారం సెన్సెక్స్ ఎంతుందో చూసుకోనక్కర్లేకుండా ఉండటానికి కట్టే ధర.